గాజుల కొలతతో చేసిన పిడులు

నూకరాజుది పెద్ద చెయ్యి. తాత పూడిమడకలో వల లాగేవాడనీ, ఆ చెయ్యే మనవడికి వచ్చిందనీ వాళ్ళమ్మ చెప్పుకునేది. అతను ఆప్యాయంగా చెయ్యి కలిపితే అవతలివాడు మొహమాటానికి నవ్వి, వీధి మలుపు తిరిగాక వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకునేవాడు. ఆ చేత్తోనే ఒకసారి దూరపు చుట్టాల పెళ్ళిలో అక్షింతలు తీసుకుంటే, వెనకున్నవాళ్ళకి పళ్ళెంలో ఏమీ మిగల్లేదు.

పేరు ఊరి దేవత నూకాలమ్మ తల్లిది. భార్య పేరు నూకరత్నం. అనకాపల్లిలో ఇదేం వింత కాదు. వాళ్ళ వీధిలో నిలబడి "నూకా" అని ఒక్క కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొస్తాయి.

ఊరి నుంచి కశింకోట వెళ్ళే దారిలో, ఫ్యాన్లకి అల్యూమినియం మూతలు పోతపోసే చిన్న కంపెనీలో అతని ఉద్యోగం. మూస లోంచి తీసిన మూతకి అంచు చుట్టూ సన్నటి రెక్కలాగా మిగులు లోహం అంటుకుని ఉంటుంది. దాన్ని బర్ అంటారు. చేతి కత్తితో ఆ బర్ గీకేస్తే గానీ మూత ఫ్యాను మీద కూర్చోదు. ఆ గీకుడు కత్తులకి తుమ్మకర్ర పిడులు చేసి ఇవ్వడం నూకరాజు పని. షెడ్డు మూల కిటికీ పక్కన అతనికో బల్ల, దానికి బిగించిన, కర్రని కరిచి పట్టుకునే వైసు, గోడకి వరసగా ఆకురాళ్ళు. ఆ బల్ల మీద ఇంకొకళ్ళు టీ గ్లాసు పెట్టినా ఊరుకునేవాడు కాదు. పిడి తయారవగానే తన గుప్పిట్లో పట్టుకుని చూసుకునేవాడు. బిగువుగా కూర్చుంటే పిడి పాసైనట్టే.

ఇన్నేళ్ళూ గీకుడు పని మగవాళ్ళే చేశారు కాబట్టి, నొప్పి పుడితే చెయ్యి విదిలించుకుని బీడీకి వెళ్ళేవారు తప్ప నోరెత్తలేదు. రెండువేల అయిదు ప్రాంతంలో ఆ పనికి ఆడవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళు షేర్ ఆటోల్లో కశింకోట వేపు నుంచి వచ్చేవారు. వాళ్ళకి నోరు ఎత్తడం వచ్చు. అందరిలోకీ తలుపులమ్మకి మరీ బాగా వచ్చు.

"నూకరాజన్నా, ఈ పిడి మాకు సేసేవా, నీకు సేసుకున్నావా?" అంది ఒకరోజు, కత్తి తెచ్చి బల్ల మీద పెట్టి.

"అందరికీ ఒకటే పిడి కదమ్మా. మొదట్నించీ ఇదే."

"రోకలిలాగున్నాది. పట్టుకుంటే ఏళ్ళు ఒకదాన్నొకటి సూసుకోడం నేదు. సాయంత్రానికి ఈ బొటనేలు నాది కాదు, ఇంకెవలిదో."

"పిడిలో తప్పు నేదమ్మా. మీ సేతులే సిన్నవి."

"అయితే ఆ వైసులో ఎట్టి సాగదియ్యి మరి!"

షెడ్డంతా నవ్వింది. నూకరాజు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు రెండు రోజులే నిలిచింది. మూడోరోజు షెడ్డు చూసుకునే త్రినాధరావు గారు బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆయన మెత్తని మనిషి. కష్టమైన మాట చెప్పాల్సొస్తే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఆ రోజు రెండుసార్లు తుడుచుకున్నారు.

"నూకరాజూ, మూతలు వెనకబడుతున్నాయి. ఆడవాళ్ళ చేతులు వాచిపోతున్నాయి. బయటి నుంచి రెడీమేడ్ పిడులు తెప్పిస్తున్నాను. అవి కుదిరితే ఈ మూలకి కొత్త కంప్రెసర్ వస్తుంది. నువ్వు గేటు దగ్గర ఉందువు గాని. నీడపట్టున కుర్చీ వేయిస్తాను."

ఆయన మంచికే చెప్పారు. జీతంలో తేడా ఉండదన్నారు కూడా. నూకరాజు మాత్రం తన చేతుల వంక చూసుకున్నాడు. గేటు దగ్గర కుర్చీలో ఆ చేతులు పెట్టుకుని ఏం చెయ్యాలి?

"జాతర ఎల్లేదాకా ఆగండి సార్. నాను సరిసేత్తాను."

"పెట్టెలు వచ్చేసరికి ఎలాగూ జాతర వెళ్తుంది. అప్పుడు నీ పిడులూ, అవీ పక్కపక్కన పెట్టి ఆడవాళ్ళనే అడుగుదాం" అన్నారు ఆయన.

సరిచెయ్యాలంటే చేతుల కొలతలు కావాలి. పరాయి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని టేపుతో కొలవడం మన ఊళ్ళో అయ్యే పనేనా? అందుకని నూకరాజు కంటితో కొలుద్దామనుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని తింటుంటే, ఎదురుగా తన క్యారేజీ విప్పుకుని, ముద్ద కలుపుతున్న చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు. చూపు నిలిపితే గానీ కొలత తెలియదు. నిలిపాడు.

"ఏటన్నా, నా సెయ్యేపే సూత్తన్నావు? కూర కావాలా?" అంది తలుపులమ్మ.

కాదంటే మరి దేనికి చూస్తున్నట్టు? "కొంచెం ఎయ్యమ్మా" అన్నాడు పాపం. రొయ్యల కూర పడింది. మర్నాడు ఆవిడ పక్కన కూర్చునే సువార్త చేతి వంక చూస్తే కోడిగుడ్డు పులుసు పడింది. ఆ తర్వాత చూడకముందే పడటం మొదలైంది. 'నూకరాజన్నకి ఇంట్లో సరిగ్గా వండిపెట్టడం లేదట' అన్న జాలి షెడ్డంతా పాకింది.

ఆ జాలి నూకరత్నం దాకా క్యారేజీలోనే వెళ్ళింది. తను పెట్టిన వంకాయ కూర పెట్టినట్టే తిరిగొస్తుంటే ఆవిడ గిన్నె వాసన చూసింది.

"రొయ్యలెవలెట్టేరు మావా?"

"తలుపులమ్మ."

"నిన్న గుడ్డు?"

"సువార్త."

"మొన్న సేపలు?"

నూకరాజు ఆలోచించాడు. ఆలోచించకుండా ఉండాల్సింది. నూకరత్నం చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదని బల్ల సంగతి, గేటు సంగతి, కంటికొలత సంగతి మొత్తం చెప్పేశాడు. ఆవిడ గరిటె కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"ఆడోళ్ళ సేతులు మా అన్నకి తెలిసినట్టు ఇంకెవలికి తెలుత్తాయి? ఆణ్ణడుగు."

ఆవిడ అన్న అప్పలరమణకి గుడికెళ్ళే దారిలో గాజుల కొట్టుంది. జాతర రోజులు కాబట్టి కొట్టు కిటకిటలాడుతోంది. నూకరాజు ఒక పక్కన ఒదిగి నిలబడి, చెవిలో సంగతి చెప్పి గాజుల సైజులు అడిగాడు. అప్పలరమణ ఛాతీ ఉప్పొంగింది.

"మనిషిని మర్సిపోతాను గానీ బావా, సెయ్యి మర్సిపోను. తలుపులమ్మది రెండు నాలుగు. ఆళ్ళ తోడికోడలిది రెండు ఆరు..." అంటూ షెడ్డులో ఆడవాళ్ళందరి గాజుల సైజులూ గడగడా అప్పజెప్పాడు.

"సువార్తది?"

"ఆ అమ్మాయి మనకి బేరం కాదు. ఆళ్ళు పెంతెకోస్తోళ్ళు, గాజులేసుకోరు. అలాంటి సెయ్యి గురించి నానేటి సెప్పగల్ను?"

ఒక్క చెయ్యే కదా, తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు నూకరాజు. కొలతలు నోట్లోనే వల్లె వేసుకుంటూ వెళ్ళి పనికి కూర్చున్నాడు. చిన్న గాజుకి సన్న పిడి, పెద్ద గాజుకి కాస్త లావు పిడి. నున్నగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పట్టించాడు. అంత అందమైన పిడులు అతని చేతిలోంచి అంతకుముందు రాలేదు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఇచ్చాడు. ఇస్తూ ఊరుకుంటే బాగుండేది. తన శ్రద్ధ నలుగురికీ తెలియాలని సైజు కూడా పైకి చెప్పాడు.

"తలుపులమ్మా, ఇదిగో నీది. రెండు నాలుగు."

చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు సాచారు.

"రెండు నాలుగేటీ! మొన్న కొట్లో సబ్బు రాసి, ఇద్దరం పట్టుకుని లాగితే ఎక్కేయి" అంది తోడికోడలు.

"నీకెందుకే? నా సెయ్యి, నా సబ్బు!" అంది తలుపులమ్మ. తర్వాత నూకరాజు వేపు తిరిగింది. "నా గాజుల సైజు నీకెవలు సెప్పేరు?"

నూకరాజు కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడ్డాడు. అప్పలరమణ పేరు బయటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతటితో ఆగక, ఒకరి సైజు ఒకరు బయటపెట్టుకోగా తేలిందేమిటంటే, షెడ్డులో సగంమంది గాజు అడిగేటప్పుడు ఒక సైజు తగ్గించే అడుగుతారు.

నవ్వులు ఆగాక పని మొదలైంది. మధ్యాహ్నం కాకుండానే సన్న పిడులు గుప్పిట్లో గిర్రున తిరగడం మొదలెట్టాయి. తిరక్కుండా ఆపాలంటే ఇంకా బిగించి పట్టాలి. పాత రోకలే నయమన్నారు. సైజు తగ్గించి చెప్పడం ఒక్కటే కాదు కారణం. గాజు ఎక్కించుకునేటప్పుడు బొటనవేలు లోపలికి మడిచి చేతిని సన్నం చేస్తారు. కత్తి పట్టినప్పుడు ఏ చెయ్యీ అలా మడవదు. ఈ ముక్క అప్పలరమణకీ తెలుసు, నూకరత్నానికీ తెలుసు. నూకరాజు అడిగింది గాజుల గురించే కాబట్టి అప్పలరమణ గాజుల గురించే చెప్పాడు, నూకరత్నాన్నయితే అసలు అడగనే లేదు.

ఆ మధ్యాహ్నం నూకరాజు అన్నం తినలేదు. బల్ల దగ్గర కూర్చుని వైసుని బిగిస్తూ, విప్పుతూ ఉన్నాడు. సువార్త వచ్చి నిలబడింది.

"అన్నా, అందరికీ ఇచ్చేవు. నాకివ్వలేదు."

"నీ కొలత దొరకనేదమ్మా."

"అడిగితే చెప్పేదాన్ని కదన్నా."

నూకరాజు తలెత్తి చూశాడు. పాతికమంది ఆడవాళ్ళ చేతుల గురించి అతను బావమరిదిని అడిగాడు, భార్యకి చెప్పుకున్నాడు, కూరలు తింటూ కళ్ళతో అడిగాడు. వాళ్ళని మాత్రం అడగలేదు.

ఎలా అడగాలా అని చుట్టూ చూస్తే క్యారేజీ పక్కన కాగితంలో బెల్లం ముక్క కనిపించింది. మార్చి ఎండకి మెత్తబడి జారిపోతోంది. దాన్ని చేత్తో బాగా పిసికి, కాస్త నూనె రాసి, పొడుగ్గా చేసి ఆమెకి అందించాడు. సువార్త చెయ్యి చాచబోయి ఆగింది.

"నూకాలమ్మ ప్రసాదమా అన్నా? ఏమీ అనుకోకు, మేం పుచ్చుకోం."

"పెసాదం కాదమ్మా, బజార్లో కొన్న బెల్లం. తినడానికి కాదు. కత్తి పట్టినట్టు పట్టుకుని, బర్ గీకినట్టు ఒక్క గీకు గీకు."

ఆమె పట్టుకుని గీకింది. నూకరాజు కుర్చీలో ముందుకి జరిగాడు. తను ఆకురాయి పట్టుకుంటే అవతలికి తోస్తాడు. ఆమె కత్తిని తన వేపు లాక్కుంటోంది, కొడవలితో కోసినట్టు. బొటనవేలు చుట్టూ తిరగడం లేదు, పైన ఆనుతోంది. ముద్ద వెనక్కి తీసుకుంటే పైన వేలి గుంట, కింద నాలుగు వేళ్ళ గళ్ళు, తోక దగ్గర చెయ్యి జారకుండా ఆగిన ఉబ్బు, అన్నీ అచ్చు పడి ఉన్నాయి. అతని పాత పిడి లావులో పెద్ద తప్పేం లేదు. బొటనవేలికి దాని మీద చోటు లేదు, అంతే.

ముద్దని చల్లటి నీళ్ళ కుండ మీద పెట్టి గట్టిపరిచి, పక్కనే పెట్టుకుని తుమ్మకర్ర చెక్కాడు. మర్నాడు సాయంత్రం ఆటో ఎక్కేటప్పుడు సువార్త చెయ్యి విదిలించుకోలేదు. అది మిగతావాళ్ళు చూశారు.

ఆపైన బల్ల దగ్గర బెల్లం తిరునాళ్ళే జరిగింది. ముద్ద పట్టుకోవడానికి ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇచ్చిన బెల్లం కిలో అయితే తిరిగొచ్చింది ముప్పావే. మిగిలింది నోట్లోకి పోయేది. అచ్చుల్ని బల్ల మీద వరసగా పెడితే రాత్రికి రాత్రి చీమలు పట్టి, పొద్దున్నకి తలుపులమ్మ తోడికోడలి చిటికెన వేలు మాయమైంది. త్రినాధరావు గారు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి టీ కుర్రాడి చేత నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెం పంపించారు, అచ్చుల్ని పీట వేసి మధ్యలో పెట్టుకోమని.

తలుపులమ్మ మాత్రం రాలేదు. గాజుల కోపం ఇంకా తగ్గలేదు.

జాతర వెళ్ళింది. పెట్టెలు వచ్చాయి. ఎర్రటి ప్లాస్టిక్ పిడులు, మీద రబ్బరు గీతలు, చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. త్రినాధరావు గారు ఒక పక్క అవి, ఒక పక్క నూకరాజు చేసినవి పెట్టి, రెండింటితోనూ పని చేసి నచ్చింది ఉంచుకోమన్నారు. నూకరాజు ఆ పొద్దంతా ఉత్త చేతులతో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

సాయంత్రానికి చాలామంది తుమ్మకర్ర పిడే ఉంచుకున్నారు. కొందరు ఎర్రదాన్ని వదల్లేదు. తేలికగా ఉందన్నారు, చెమటకి జారడం లేదన్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఎర్రదాన్ని ఉంచుకున్నవాళ్ళలో అందరికంటే ముందు తలుపులమ్మ.

నూకరాజు మొహం చిన్నబోయింది. తన మీద కోపంతో తీసుకుందనుకున్నాడు. ఆవిడ ఆ ఎర్ర పిడి పట్టుకుని నేరుగా బల్ల దగ్గరకే వచ్చింది.

"ఇదే బాగున్నాది. కోపమేటీ కాదు, నిజంగానే బాగున్నాది. ఒకటే లోటు. బొటనేలుకి సోటు నేదు. సువార్త దానికి సేసినట్టు దీనికీ గుంట తియ్యి."

"ప్లాస్టిక్కమ్మా. గీకితే ఏటవుద్దో..."

"సెయ్యకుండానే ఏటవుద్దో అంటావేటి?"

వెనకాల ఎర్ర పిడులు పట్టుకుని మరో నలుగురు వచ్చి నిలబడ్డారు. త్రినాధరావు గారు ఆ వరస వంక చూశారు, మూల వంక చూశారు. "కంప్రెసర్ని అటు గోడ పక్కన పెట్టిద్దాంలే" అని తనలో తను అనుకున్నట్టుగా అని, మిగతా పెట్టెలు కూడా బల్ల కిందకి జరిపించమన్నారు.

నూకరాజు ఎర్ర పిడిని వైసులో, గుడ్డ చుట్టి, మెల్లిగా బిగించాడు. సన్న ఆకురాయి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు.

"ఒకసారి నువ్వు పట్టుకుని సూపించమ్మా, ఏలు ఎక్కడానుతాదో."

తలుపులమ్మ ముందుకి వంగి, వైసులో ఉన్న పిడిని అలాగే పట్టుకుని చూపించింది. అతను సుద్దముక్కతో బొటనవేలి చుట్టూ గీత గీశాడు. చేతికి చెయ్యి తగలకుండా ఎంత జాగ్రత్తగా గీశాడంటే, గీత వంకరపోయింది.

"సరిగ్గా గియ్యన్నా, కరిసెయ్యనులే!" అంది తలుపులమ్మ.

అతను గీత తుడిచి, ఈసారి తిన్నగా గీశాడు.