ఉడుమని చెప్పుకున్న టెగూ

కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు తండోపతండాలుగా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. సెంగ్‌కాంగ్‌లో అద్దె ఫ్లాట్ మాది. మా ఆయనకు మొహమాటం జాస్తి. ఆఫీసులో ఆయన పైవాడు ఊరొదిలి పోతూ, "కొద్దిరోజులు ఉంచండి, మావాడొచ్చి తీసుకెళ్తాడు" అని ఒక పెట్టె అప్పజెబితే, కాదనలేక టాక్సీలో మోసుకొచ్చాడు. మూత తీస్తే లోపల మూరెడు పైన పొడవున్న జంతువు! నాకు గుండె ఆగినంత పనైంది. ఆ వచ్చేవాడు రానేలేదు. పైవాడి ఫోను పలకడం మానేసింది.

"ఉడుమేనే, కంగారుపడకు" అన్నాడు మా ఆయన.

ఉడుమును నేనెరగనా? కింద కాలువ గట్టున రోజూ కనబడుతూనే ఉంటుంది. దాని మెడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దీనిది పొట్టి మెడ, బూరెల్లాంటి దవడలు, ఒంటి నిండా నలుపు తెలుపు పట్టీలు. దేవుడి దగ్గర పెట్టిన అరటిపండు ముక్క వేస్తే గుటుక్కున మింగింది. ఇక్కడి ఉడుములు పండు ముట్టవు. ఇంటర్నెట్‌లో బొమ్మలు తిరగేసి తేల్చాను, ఇది టెగూ అనే దక్షిణ అమెరికా బల్లి. ఇక్కడ దాన్ని ఇంట్లో పెంచడం నేరమని కూడా అప్పుడే తెలిసింది. మా ఆయన వర్క్ పాస్ పోతే పెట్టేబేడా సర్దుకోవాల్సిందే.

"ఎవరికైనా ఇచ్చేద్దామండీ."

"ఎవరికిస్తామే? నోరు తెరిస్తే దొరికిపోమూ?"

కాలువలో వదిలేస్తే ఎలా బతుకుతుందోనని నాకు బెంగ. అలా ఉండిపోయింది. తిట్టుకుంటూనే అన్నీ చేశాను. ఒక మూల వేడి బల్బు, ఇంకో మూల నీడ, దొర్లడానికి తడి మట్టి, మునగడానికి బేసిను. ఉడకబెట్టిన గుడ్డు, కోడి ముక్కలు, బొప్పాయి. కడుపు నిండాక బల్బు కింద వెచ్చగా పడుకోవాలి, లేకపోతే తిన్నది అరగదు. కొన్నాళ్ళకు నా అడుగుల చప్పుడు వింటే చాలు, తల ఎత్తేది. దాని మీద నాకు ప్రేమ కలిగింది, దాచుకోవడమెందుకు?

ఎదురు బ్లాకు ఆంటీ మా కిటికీలో తోక చూసి ఎవరికో ఫోను చేసింది. ఒక శనివారం పొద్దున, నేను దానికి గుడ్లు పెట్టిన కాసేపటికే, జంతువుల శాఖ అధికారులు ఇద్దరు తలుపు తట్టారు.

"ఇవాళ పొద్దున్నే కాలువలోంచి వచ్చింది సార్. ఉడుము" అన్నాడు మా ఆయన ఇంగ్లీషులో. మేం ముందే అనుకున్న మాట అది.

వాళ్ళలో పెద్దాయన మోకాళ్ళ మీద కూచుని దాని మెడ, దవడలు చూశాడు. "ఇది ఉడుము కాదు లా" అని, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి, నా వైపు తిరిగాడు. "మీదా?"

"కాదు" అన్నాను.

అప్పుడే అది నడుచుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చింది. నేను వంగలేదు, ముట్టుకోలేదు. పెద్దాయన దాన్ని పంజరంలోకి ఎక్కించాడు.

కిందికి రమ్మంటే వాళ్ళ వెనకే వెళ్ళాం. వ్యాను తలుపు తీయగానే చల్లగాలి మొహానికి కొట్టింది. పంజరాన్ని సరిగ్గా ఏసీ గాలి తగిలే చోట పెట్టారు. అది ముడుచుకుపోయింది. పొద్దున తిన్నవన్నీ దాని కడుపులో అలాగే ఉన్నాయి.

మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నోరెత్తకే, నీకు దణ్ణం పెడతా."

తలుపు సగం మూశారు.

"ఏసీ ఆపండి" అన్నాను. "ఇప్పుడే గుడ్లు తింది. చలిలో అరగదు, చచ్చిపోతుంది."

పెద్దాయన ఆగి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మోచెయ్యి మీద పట్టు వదులైంది. డ్రైవరుకు చెప్పి ఏసీ ఆపించి, ఆయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇంకేం తింటుంది?"

అన్నీ చెప్పాను. అది కాలువలోంచి రాలేదని, ఏ పండక్కి ముందు మా ఇంటికొచ్చిందో అది కూడా.