ఉగాది సభలో రికార్డింగ్ డాన్స్

దుబాయ్‌కి డిస్కో తెచ్చినవాణ్ణి నేనే. కాదనేవాళ్లెవరైనా ఉంటే ఎదురుగా వచ్చి చెప్పమనండి. ఎలక్ట్రీషియన్‌గా దిగిన ఏడాదే లేబర్ క్యాంపు గదిలో రంగురంగుల దీపాలు గిర్రున తిప్పి, ఐదారు దేశాలవాళ్లను ఒకే దరువుకి ఆడించాను.

ఈ గొప్పంతా ఎందుకంటే, రెండేళ్ల కిందట ఉగాది సభలో ఒకాయన నా ముందే డిస్కోను తిట్టాడు.

షార్జా అల్ నహ్దాలో కూతురింట్లో ఉంటున్నాను. చుట్టుపక్కల తెలుగువాళ్లం హాలు అద్దెకు తీసుకుని ఏటా ఉగాది చేసుకుంటాం. మైకులూ వైర్లూ చూసుకునే పని నాది. ఆ ఏడు సోనాపూర్ క్యాంపు నుంచి జగిత్యాల వైపు టైల్స్ మేస్త్రీ ఒకడు మరో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పాత సినిమా డిస్కో పాట ఒకటి, క్యాంపు డాబా మీద సెలవు రోజుల్లో నేర్చుకున్నారు. మెరుపు చొక్కాలు కూడా కుట్టించుకున్నారు.

ఆ చొక్కాలే కొంప ముంచాయి. స్టేజీ వెనక వాళ్లను చూడగానే మా తెలుగు సంఘం అధ్యక్షుడి మొహం మారింది. ఆఫీసులో మేనేజరు, మర్యాదస్తుడు, గొంతు కూడా పెంచడు.

"ఏమనుకోకండి, ఫ్యామిలీలు వచ్చాయి. ఇది ఉగాది సభ, రికార్డింగ్ డాన్స్ కాదు."

"మాకు గూడ ఫ్యామిలీలున్నయి సార్," అన్నాడు మేస్త్రీ. "గాళ్లు ఊర్ల ఉన్నరు, గంతే ఫరక్. నా బిడ్డ వీడియో కాల్ కోసం ఫోన్ పట్టుకోని కూసున్నది. ఏం జెప్పాలె దానికి?"

"వచ్చే ఏడాది చూద్దాం. ఈసారికి ఖలాస్."

మేస్త్రీ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

రికార్డింగ్ డాన్స్ అంటే ఏమిటో కోనసీమలో పుట్టిన నాకు చెప్పాలా? తీర్థాల్లో లారీ తొట్టె మీద బల్లలు పరిచి, రికార్డు పెట్టి ఆడేవాళ్లు. ముందు వరసలో ఈలలు వేసిన పెద్దమనుషులే తెల్లారాక అరుగుల మీద కూర్చుని ఊరు చెడిపోయిందనేవారు.

"డిస్కో అంటే రికార్డింగ్ డాన్సేనండీ," అన్నాను అధ్యక్షుణ్ణి పక్కకు లాగి. "పేరు కూడా ఫ్రెంచివాళ్లు రికార్డులు దాచుకునే చోటికి పెట్టుకున్న మాట నుంచే వచ్చింది. న్యూయార్కులో నల్లవాళ్లు, స్పానిష్ మాట్లాడే బీదాబిక్కీ, మగవాడు మగవాడితో ఆడితే పోలీసులు పట్టుకుపోయే రోజుల్లో అలాంటివాళ్లూ మొదలుపెట్టారు. బ్యాండు పెట్టుకునే స్తోమత లేదు, మంచి హాళ్లలో రానివ్వరు. పాత గోదాముల్లో రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, ఒక పాట తోక ఇంకో పాట తలకు అతికించి, తెల్లవార్లూ ఆడారు. నేను కళ్లారా చూశాను."

"అంకుల్, స్టేజీ మీద..."

"వినండి ముందు. అది అందరికీ నచ్చి డబ్బు రాగానే కొందరికి కన్ను కుట్టింది. చికాగోలో ఆట మైదానం మధ్య రికార్డులు పెట్టెలో పోసి పేల్చేశారు. అందులో డిస్కో కానివి కూడా ఉన్నాయట, పాడింది నల్లవాళ్లయితే చాలు. పాట మీదే కోపమైతే రేడియో కట్టేసుకుంటే పోయేది కదా? ఏమైంది చివరికి? కొన్నేళ్లకే అదే ఊళ్లో అదే దరువు వేరే పేరుతో మళ్లీ లేచింది."

కళ్లారా చూశానన్నది కోత. మస్కట్ దాటి నేనెక్కడికీ పోలేదు. కరోనా నెలల్లో మెట్లు దిగనివ్వనప్పుడు కూతురి ఫోన్లో చూశాను. మొదట్లో చెప్పుకున్న గొప్ప కూడా అంతే. ఐదారు దేశాలంటే ముగ్గురు మలయాళీలు, ఒక పాకిస్తానీ డ్రైవరు, మేమూ. దీపం ఒకటే. బల్బుకి ఎర్ర కాగితం చుట్టి స్విచ్చి చేత్తో టకటకా కొట్టేవాణ్ణి. హోటళ్లలో డిస్కోలు అప్పటికే ఉండేవి. మా చెప్పులు చూసి గుమ్మంలోనే ఆపేసేవారు, అందుకని గదిలో పెట్టుకున్నాం. అందులో సిగ్గుపడేదేమీ లేదు, ఇప్పటికీ పడను.

అయితే నా మాట మాత్రం పనిచేసింది. అధ్యక్షుడు తల వంచుకున్నాడు. "సరే అంకుల్, ఆడనివ్వండి," అన్నాడు. మరుక్షణం పాట మోగింది. ఐదుగురూ ఆడారు. ఫోన్లో ఆ పిల్ల నవ్వు నాకు మైకు బల్ల దాకా వినబడింది.

మొన్న మేస్త్రీ టీకి వస్తే ఇదంతా చదివి వినిపించాను. కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఆయన ఎన్నడు ఒప్పుకున్నడు తాతా? నువ్వు ఆయనను ముచ్చట్లల్ల వెట్టినవ్. నీ మైకు కాడ ఎవలు లేరని మావోడు పాట వెట్టిండు, మేం ఎక్కినం. పర్మిషన్ ఇచ్చిండని రాయకు. మేం అడగకుంటనే ఆడినం."