తాబేలు మీద చెయ్యి

నాన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లో అన్న మాటే చెల్లేది. పాతబస్తీలోని జహనుమాలో మాకు ఎనిమిది బర్రెలు, వీధి మొగదల చిన్న పాల దుకాణం. పాలు పిండేది నేను, దుకాణంలో కూర్చునేది ఆయన.

అండమాన్ పోవాలన్నదీ ఆయనే. నా భార్యకు నీళ్లంటే భయమని చెప్పాను. ఇంటిల్లిపాదీ పోతున్నాం, వంకలు పెట్టొద్దని అక్కడితో తేల్చేశాడు. బర్రెలను మేనమామకు అప్పజెప్పి రెండు కుటుంబాలం బయలుదేరాం.

అక్కడ మూడు రోజులూ లొల్లే. హోటల్లో పప్పు బాగాలేదని వంటవాడి మీద, పడవలో చోటు కోసం ముక్కూ మొహం తెలియని వాళ్ల మీద అరిచాడు. నీళ్లలోకి దిగకుండా ఒడ్డున కూర్చున్న నా భార్యను చూపించి పిల్లలను నవ్వించాడు. పుట్టినప్పటి నుంచీ ఆయన ముందు ఊరుకోవడమే నాకు అలవాటు.

నాలుగో రోజు లైఫ్ జాకెట్లు తొడిగి, కళ్లకూ ముక్కుకూ అద్దం బిగించి, నోట్లో గొట్టం పెట్టి సముద్రంలోకి దింపారు. నాకు, నా పదేళ్ల కూతురికి, అన్నకు, ఆయన కొడుక్కి కలిపి ఒక గైడు. తాబేళ్లు తిరిగే చోటని, దేన్నీ ముట్టుకోవద్దని హిందీలో రెండుసార్లు చెప్పాడు.

తల నీళ్లలో పెట్టాను. కింద ఆకుపచ్చ గడ్డి. అందులో గంగాళమంత తాబేలు. గడ్డిని నోటితో పట్టి లాగుతూ మేస్తోంది, అచ్చం మా బర్రెలాగే, మేమున్నామన్న ధ్యాసే లేకుండా. కూతురు నా చెయ్యి గట్టిగా నొక్కింది. కాసేపటికి అది ఊపిరి కోసం పైకి లేచింది, మా మధ్య నుంచే.

అన్న నోట్లో గొట్టం తీసేసి, వెనక నుంచి వచ్చి దాని డిప్పను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన కొడుకు ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. తాబేలు తల నీటిపైకి రావడం లేదు, రెక్కలు కొట్టుకుంటోంది. నేను ఆయన మణికట్టు పట్టి లాగాను. మోచేత్తో నా మొహం మీద కొట్టాడు. అద్దం ఊడి, ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. ఆ పెనుగులాటలో తాబేలు తప్పించుకుంది. గైడు మమ్మల్ని గాలి ట్యూబు పట్టించి బయటికి లాక్కొచ్చాడు.

ఒడ్డున నా ముక్కు నుంచి రక్తం కారుతుంటే అన్న గైడుతో, నేను భయపడి తనను పట్టుకున్నానని చెప్పాడు. నాకు దగ్గు ఆగలేదు. నా కూతురు ఏడుస్తూ జరిగింది చెప్పింది. మా ఇంటికొచ్చిన పన్నెండేళ్లలో ఆయన ముందు గొంతెత్తని నా భార్య లేచి నిలబడింది.

“చిన్నపిల్ల అబద్ధమాడది బావా. తాబేలు ఊపిరి ఆపింది మీరు. ఈయన ముక్కు పగలగొట్టింది మీరు.”

“నీ పెండ్లాం నోరు మూయించు,” అన్నాడు అన్న నాతో.

“ఎందుకు మూయించాలె? నిజమే చెప్పింది,” అన్నాను.

ఇంటికి వచ్చిన వారానికి ఆ ఫొటోను పెద్దది చేయించి దుకాణంలో తగిలించాడు. అందులో తాబేలు, ఆయన నవ్వు, ఆయన మణికట్టు మీద నా చెయ్యి. పాలకొచ్చిన ప్రతివాళ్లకూ తమ్ముడి పిరికితనం చెప్పేవాడు. ఒక పొద్దున నేను క్యాను దించుతుండగా, బార్కస్ నుంచి వచ్చే పెద్దాయన ఒకాయన, నీళ్లలో భయపడ్డావటగా అని నవ్వుతూ అడిగాడు. “ఛోటే భాయ్, పానీ మే డర్ గయే?”

క్యాను అక్కడే పెట్టి, ఉన్న నలుగురి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. పెద్దాయన నవ్వు ఆపాడు. అన్న మొహం నల్లబడింది.

“ఇగ కొట్టంల అడుగు పెట్టకు,” అన్నాడు.

“నా బర్లను నేను తోలుకపోత.”

ఆ మధ్యాహ్నమే నా వాటా నాలుగు బర్రెలను విప్పాను. చివరిదాని పలుపు ఆయన పట్టుకుని వదల్లేదు. వీధంతా చూస్తుండగా ఇద్దరం చెరోవైపు లాగాం. ఆఖరికి వదిలాడు. బహదూర్‌పురాలో ఒక రేకుల కొట్టం దొరికింది.

ఆర్నెల్లకు మేనమామతో కబురు పెట్టాడు, మళ్లీ కలిసి చేసుకుందాం రమ్మని. ఆయన ఫొటో తీసేసి, అబద్ధమాడింది తనేనని ఆ నలుగురికీ చెప్తే వస్తానన్నాను. మేనమామ పోయి వచ్చాడు.

“ఫొటో గట్లనే ఉంది బిడ్డా,” అన్నాడు.

నేను బకెట్టు తీసుకుని పాలు పిండడానికి లోపలికి వెళ్లాను.