నాలుగు కాళ్ల సవతి

ఎనభైల మొదట్లో నేను నెల్లూరు నుంచి గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌కు కాపురానికి వెళ్లాను. మా ఆయన ఖాదర్ అక్కడ ఒక అరబ్బు ఆసామి గుర్రాలశాలలో పనిచేసేవారు. దిక్కులేక ఎడారిలో పడి తిరిగే గుర్రాలను ఆ కఫీల్, అంటే మా ఆయనకు వీసా ఇచ్చిన ఆ యజమాని, పట్టి తెప్పించేవాడు. మా ఆయన వాటిని మచ్చిక చేశాక, కఫీల్ వాటిని బాగా చూసుకునే ఇళ్లకు ఇచ్చేవాడు.

అలా ఒక ఎర్రటి ఆడ గుర్రం వచ్చింది. ఎవరినీ దగ్గరకు రానిచ్చేది కాదు. ఈయన రోజంతా దాని పక్కన కూర్చుని, "బంగారూ, కాస్త తినమ్మా" అని బతిమాలేవారు. ఇంటికొచ్చి నాతో మాట్లాడమంటే మాత్రం అలసట! నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి అది మచ్చికయ్యాక, దాన్ని కొత్త ఇంటికి పంపించే రోజు, ఆ సవతిని కళ్లారా చూద్దామని వెళ్లాను. లారీని చూసి బెదిరిన గుర్రం తాడు తెంపుకుని నేరుగా నా మీదికి వచ్చింది. ఆయన పరుగున వచ్చి మా మధ్య చేతులు చాపి నిలబడ్డారు. అది ఆగిపోయి ఆయన భుజం మీద తల వాల్చింది.

నేను వణికిపోతుంటే, ఆయన దాని మెడ నిమురుతున్నారు!

"చావబోయింది నేనండీ!" అని అరిచాను.

"నీకంటే అదే ఎక్కువ బెదిరింది షాహిదా" అన్నారు.

కఫీల్ "యల్లా ఖాదర్, ఖలాస్" అని ఇక చాలు, కానిమ్మని తొందరపెట్టడంతో ఆయనే దాన్ని లారీ ఎక్కించారు. లారీ కనుమరుగయ్యాక వెక్కివెక్కి ఏడ్చారు. పెళ్లయిన నెలకే నన్ను వదిలి విమానమెక్కిన రోజు ఆయన కంట చుక్క నీరు లేదు.

ఆ గుర్రం కొత్త ఇంట్లో సుఖంగా ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు నా ప్రాణం కాపాడినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను గానీ, ఆ కన్నీళ్లను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.