వెంట వచ్చినవాళ్ళకు జాగా

మా మేడం పోయారని ఫోను వచ్చేసరికి నేను ఆమె సగంలో వదిలివెళ్ళిన ఫైలే చూస్తున్నాను. మంచం పట్టారనీ, ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నారనీ తెలుసు. అయినా "తిరిగొచ్చి నీ పని పడతానప్పా" అన్న ఆమె మాటనే పట్టుకుని ఉన్నాను. చర్చిలో అందరూ పాడుతుంటే అమ్మ పోయినప్పటి దిగులే మళ్ళీ కమ్మింది.

బళ్ళారిలో కట్టడాల ప్లాన్లు పరిశీలించి అనుమతి ఇచ్చే ఆఫీసు మాది. ఫైళ్ళన్నీ కన్నడంలో, పోట్లాటలన్నీ తెలుగులో. మేడం మాకు పై అధికారి, నాకు పని నేర్పిన గురువు. స్థలం చూడ్డానికి వెళ్తే టిఫిన్ డబ్బా వెంట ఉండాల్సిందే. "ఈడ కూచోని నాలుగు మెతుకులు తినప్పా. నీడ యాడుండాదో, నీళ్ళు యాడుండాయో కడుపే చెప్తాది" అనేవారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె పెట్టిన చిత్రాన్నం తింటూ లోలోపల ఆమెనే తిట్టుకున్న రోజులున్నాయి.

ఆ ఫైలు మోక రోడ్డు వైపు కాలనీలోని చిన్న ఆస్పత్రిది. మీద రెండంతస్తులు వేసి కాన్పుల వార్డు పెడతానని అక్కడి కుర్ర డాక్టరు అర్జీ ఇచ్చాడు. అనుమతి ఇవ్వొద్దని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అడ్డం పడ్డారు. రోగుల వెంట వచ్చేవాళ్ళు తమ గేట్ల ముందే ట్రాక్టర్లు ఆపి, అక్కడే వండుకుంటున్నారని వాళ్ళ గోడు. వార్డు రాకపోతే పల్లెల ఆడవాళ్ళు నొప్పులు పడుతూ ఊరంతా దాటి పెద్దాస్పత్రికి పోవాలి.

మేం స్థలం చూడ్డానికి వెళ్ళిన పొద్దున రూపనగుడి నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. నిండుచూలాలు ఒక్కతే. వెంట తల్లి, అత్త, వదిన, పక్కింటివాళ్ళు.

"ఇంతమంది ఎందుకొచ్చినారవ్వా?" అని మేడం ఆ అత్తను అడిగారు.

ఆమె ఎగాదిగా చూసింది. "కాన్పుకు ఎవరన్నా ఒంటిగా పంపిస్తారేమ్మా? నిన్ను కనేకి మీయమ్మ ఒంటిగా పోయిండెనా?"

మేడం పగలబడి నవ్వారు. తర్వాత డాక్టరు ముందు ప్లాను పరిచారు. "రోగి ఉండాది, మీరుండారు, కార్లకు జాగా ఉండాది. వీళ్ళు యాడుండారప్పా ఇందులో?"

"ఇది ఆస్పత్రి మేడం, సత్రం కాదు."

"వీళ్ళకు చోటు ఇయ్యకుంటే రోడ్డే సత్రమైతాది. ఆ గేట్లోళ్ళు ఊరికే అరుస్తాండారా?"

డాక్టరు ప్లాను మార్చి తెచ్చాడు. అద్దాల గది, మెత్తటి కుర్చీలు, ఏసీ. మహా ఖుషీగా వచ్చాడు పాపం. మేడం తల అడ్డంగా ఊపారు.

"చెప్పులిడిచి పోయే అద్దాల గదిలో ఎవరూ సద్దిమూట విప్పరప్పా. మళ్ళా ఆ గేట్లకాడికే పోతారు. ముందర రెండు కార్ల జాగా తీసి రేకులు ఎయ్యండి. ఒక కొళాయి, పొయ్యికి అరుగు. వెనకపక్క ట్రాక్టరు తిరిగేంత జాగా. ఇంతే."

అలాగైతే తమకు ఇబ్బంది లేదని చుట్టుపక్కలవాళ్ళు ఒప్పుకున్నారు. డాక్టరు మాత్రం ఆలోచిస్తానని వెళ్ళాడు. మేడం జబ్బు బయటపడింది అప్పుడే.

సమాధి మట్టి ఆరకముందే డాక్టరు నా బల్ల ముందుకొచ్చాడు. "మేడం లేరు కదా సార్. ఆ రేకుల మాట తీసేస్తే రేపే పని మొదలుపెడతాను." మా కొత్త అధికారి కూడా నన్ను పిలిచి, "నోడప్పా, మంచి పనే కదా, ఆయ్తు అను, సరేనని రాసెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మేడం లేరు. ట్రాక్టర్లు వస్తానే ఉండాయి కదా సార్" అన్నాను ఇద్దరితోనూ. "రేకులుంటేనే నేను రాసేది."

సిరుగుప్పకు బదిలీ చేస్తారని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. చేస్తే చేయనీ అనుకున్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆమె దగ్గర పని నేర్చినవాడికి మొండితనం రాకుండా ఎక్కడికి పోతుంది? కాలనీవాళ్ళూ నాతోపాటే బిగుసుకున్నారు. చివరికి డాక్టరు దిగొచ్చాడు. వార్డుకు అనుమతి వచ్చింది, రేకులతో సహా.

నిన్న చూడ్డానికి వెళ్ళాను. ఆస్పత్రి ముందర రేకులు వేసే చోట మేస్త్రీ సున్నంతో ముగ్గు పోసి భోజనానికి పోయాడు. ఇంకా గుంత తీయలేదు, ఒక్క స్తంభమూ లేదు. మోక నుంచి వచ్చిన ట్రాక్టరు దిగిన ఒక ముసలామె ఆ తెల్లటి గీతల దగ్గర ఆగింది.

"ఇదేందప్పా గీసినారు?"

"మీరు కూచునే జాగా అవ్వా."

ఆమె గీత తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. మధ్యలో చతికిలబడి, కొంగు నెత్తికి కప్పుకుని, ట్రాక్టరులో మిగిలినవాళ్ళను చెయ్యూపి పిలిచింది.