సీమ తూటా, ఇంటి తూటా

తుపాకీతో పులిని కొట్టినవాళ్ల కథలు మీరు బోలెడు విని ఉంటారు. గురి తప్పి పక్కవాడి పంచె కాల్చినవాళ్ల కథలూ విని ఉంటారు. గురి చూసి, సరిగ్గా తగిలించి కూడా ఊరంతటి ముందు పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, ఈ కథ చెబుతున్నది వాడే. ముందే చెబుతున్నాను, చివర్లో పంది చావదు. నేనూ చావను. చస్తే బాగుండునని మాత్రం ఒక పూటంతా అనుకున్నాను.

ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు పోయి వానలు పడ్డ ఏడు అది. నాకు ఇరవై రెండేళ్లు. ఉదయగిరి కొండ కింద మాకు మూడెకరాల మెట్ట. ఇంట్లో నేనూ, నన్ను పెంచిన అవ్వా, అంతే. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మీరు సామెతగా చెప్పుకుంటారు. మేము ఆ కరువులో నిజంగానే తిన్నాం, అదీ దొరికిన రోజున. అయినా అవ్వ అటక మీది రెండు విత్తనాల కుండల జోలికి పోలేదు. ఒకదాంట్లో సజ్జలు, ఒకదాంట్లో ఉలవలు. బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తి పెట్టింది. ఆకలికి కళ్లు తిరిగి గోడకు ఆనుకొని కూర్చుని కూడా, “అవి తింటే ఈ పూటకేరా, ఉంచితే ఊరికి” అనేది.

ఆ సజ్జలే ఆ ఏడు విత్తాం. మూడెకరాలూ నిండుగా కంకి వేసింది. అవ్వ పొద్దున లేచి ఆ కంకుల్ని చంటిబిడ్డ తల నిమిరినట్టు నిమిరేది. సరిగ్గా గింజ పాలు పోసుకునే వేళకు కొండ దిగి వచ్చాయి పందులు. వాటికీ కరువే కదా మరి, అవీ రెండేళ్లు పస్తులున్నాయి. రెండు రోజుల్లో చేను ఒక మూలంతా చాప పరిచినట్టు పరిచేశాయి. డప్పు కొడితే పోతాయి, డప్పు ఆగితే వస్తాయి.

అవ్వ కొంగు ముడి విప్పి రెండు రూపాయలు నా చేతిలో పెట్టింది.

“ఆత్మకూరులో మీ మామ దగ్గిర దొర ఇచ్చిపోయిన తుపాకి ఉండాది గదా. అది అడిగి తే. తూటాలు మాత్రం అంగట్లో సీమవి కొను. పంట పోయిందంటే ఈసారి బలుసాకు కూడా మిగల్లేదురా అబ్బయ్యా.”

“నువ్వు చూస్తా ఉండవ్వా!” అన్నాను. ఆ మాట ఆమె పాపం నమ్మింది.

రెండు రోజులు నడిచి ఆత్మకూరు చేరాను. మామ కచేరీలో చిన్న ఉద్యోగి. ఏదో క్యాంపు దొర సీమకు పోతూ పోతూ ఆయనకు రెండు గొట్టాల తుపాకీ ఒకటి బహుమానం ఇచ్చిపోయాడు. మామ దాన్ని కూతుర్ని అప్పగించినట్టు అప్పగించాడు. దాంతోపాటు దొర పేల్చి పారేసిన పదహారు ఇత్తడి తూటా తొడుగులు సంచిలో వేసిచ్చాడు.

“ఇవెందుకు మామా?”

“దొర వీటినే మళ్లా మళ్లా నింపి కాల్చేవాడు. నీకు చేతగాదులే. పంట కాపాడుకునే పని ఇది, కొత్తవే కొనుక్కో.”

‘నీకు చేతగాదు’ అనే మాట ఇరవై రెండేళ్లవాడి ముందు అనకూడదండీ. ఆ మాట అనకపోతే ఈ కథే లేదు.

అంగడి ఖాదర్ సాహెబుది. మేకులూ, గొలుసులూ, తుపాకీ సరంజామా అన్నీ అమ్మేవాడు. సీమ తూటా ఒకటి రెండణాలు అన్నాడు. రెండణాలంటే అప్పట్లో ఒక మనిషి రోజు కూలి! అంటే నేను ఒకసారి ‘ఢాం’ అంటే ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేసిన కష్టం పొగైపోతుంది. నా గుండె తరుక్కుపోయింది. మరి తొడుగులు మామ ఊరికే ఇచ్చాడు. ఇక కావలసింది ఏముంది? కాస్త తుపాకీ మందు, అడుగున పెట్టే రాగి టోపీలు, పైన పోసే సీసపు రవ్వలు. వేళ్ల మీద లెక్క వేశాను. మందుకూ టోపీలకూ ఎనిమిదణాలు. అదే పదహారు తూటాలు, పావు వంతుకే! ఇన్ని తెలివితేటలు పెట్టుకొని నేను మెట్ట దున్నడమేమిటా అనిపించింది.

“రవ్వలు ఎంత తూచమంటావు?” అన్నాడు సాహెబు.

“రవ్వలు వద్దు సాహెబూ. ఇంట్లో ఉండాయి.”

“మెట్ట చేలో సీసం పండుతాదా?”

“సీసం కాదు, దానమ్మలాంటివి.”

సాహెబు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “అబ్బాయ్, తూటా నింపేది పులుసు కాచినట్టు కాదు. మందుకు చెమ్మ తగిలిందా, అది మందు కాదు, మసి. పైన బిగించేదానికి అట్టబిళ్లలు కూడా తీసుకుపో.”

“బిళ్లలు కూడా ఇంట్లోనే ఉండాయి.”

“మీ ఇల్లు ఇల్లు గాదయ్యా, ఫిరంగి కార్ఖానా!” అన్నాడాయన. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

మిగిలింది రూపాయిన్నర. పావలాతో రెండు పూటలా పూటకూళ్లమ్మ ఇంట్లో కడుపునిండా తిన్నాను. మిగిలిన రూపాయి పావలాతో, చెప్పడానికి నోరు రావడం లేదు గాని, కిర్రు చెప్పులు కొన్నాను. అడుగు వేస్తే కిర్రు, అడుగు తీస్తే కిర్రు. వేటగాడికి కిర్రు చెప్పులెందుకని మీరు అడుగుతారు. నాకప్పుడు ఆ ప్రశ్న రాలేదు.

ఇంటికి వచ్చాక గొడ్లపాకలో తలుపు వేసుకొని నా కార్ఖానా తెరిచాను. టోపీలు పెట్టాను, మందు పోశాను, పైన పాతగుడ్డ ముక్క కుక్కాను. ఇక రవ్వలు. సీసం కంటే గట్టిది మా ఇంట్లో ఏముందో మీరు ఊహించే ఉంటారు. ఉలవలు! మీరెప్పుడైనా ఉలవగింజ మీద పన్ను వేశారా? పన్నే విరుగుతుంది తప్ప గింజ చలించదు. అయితే వంటింటి ఉలవలు బక్కచిక్కి, సగం పుచ్చిపోయి ఉన్నాయి. తూటాకు మేలురకం సరుకే పడాలి కదా? అటక ఎక్కాను. రెండో కుండ మూతి మట్టి పగలగొట్టాను. ఒక్కో గింజ ఏరి పెట్టినట్టు, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. సగం కుండ తీసుకొని, మట్టి మళ్లీ మెత్తేశాను.

అట్టబిళ్లల సంగతి. ఆ రోజు అవ్వ వడియాలకు మినప్పిండి రుబ్బి పెట్టింది. ఆవిరి పోకుండా కుండ మూతులకు ఆమె మినప్పిండే పూస్తుంది, ఎండితే ఉలితో కొట్టినా రాదు. కుండ మూతికి పనికొచ్చేది తూటా మూతికి పనికిరాదా? ఒక గుప్పెడు ఎత్తుకొచ్చి పదహారు మూతులూ పూశాను. మిద్దె మీద గుడ్డ పరిచి, ఒక పక్క అవ్వ వడియాలు, ఇంకో పక్క నా తూటాలు, వరసగా ఎండబెట్టాను.

అవ్వ పైకి వచ్చింది.

“ఏందిరా అవి?”

“సీమ తూటాలవ్వా. ఎండబెడతా ఉండా.”

“సీమ తూటాలు ఎండబెట్టాల్నా?”

“ఓడలో గదా వచ్చేది! సముద్రం చెమ్మ పట్టి ఉంటాది.”

అవ్వ ఎప్పుడూ సముద్రం చూడలేదు. ‘అట్నా!’ అని, నా సీమ తూటాల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకొని కాపలా కూర్చుంది. అయినా ఒక కాకి ఒక తూటాను ఎత్తుకుపోయింది. వాసన బాగా తగిలి ఉంటుంది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది, రాలేదు.

మరునాడు పొద్దెక్కగానే వేట. పందులు చేను పక్క వంకలో పొదల్లో పడుకొని ఉన్నాయి. ఊరంతా డప్పులు, పళ్లేలు, కుక్కలతో అటువైపునుంచి తరమాలి, నేను ఇటువైపు బండ మీద నిలబడి కొట్టాలి. అవ్వ తుపాకీకి బొట్టు పెట్టింది. నేను తలపాగా చుట్టి, కిర్రు కిర్రుమంటూ బండ ఎక్కాను. ఆ చప్పుడుకు ఊరు ఊరంతా నావైపే తిరిగి చూసింది. మహా సంతోషపడ్డాను.

డప్పులు మోగాయి. పొద చీల్చుకొని మొదటి పంది వచ్చింది. పంది అంటే పంది కాదు, కోరలు మొలిచిన దున్నపోతు. నాకు పది బారల దూరంలో ఆగింది. గురి చూశాను, ఊపిరి బిగబట్టాను, మీట నొక్కాను.

తుస్స్.

మీరు పొయ్యిలో పచ్చికట్టె పెట్టినప్పుడు వస్తుంది చూడండి, ఆ చప్పుడు. గొట్టం మూతినుంచి బద్ధకంగా ఒక పొగ చుట్ట లేచింది. దాని వెనకే గుప్పెడు ఉలవలు ఎగిరి, ఎండలో తళతళలాడుతూ పోయి, అక్షింతలు చల్లినట్టు పంది నెత్తిన పడ్డాయి. గురి తప్పలేదని మొదటే చెప్పాను కదా!

పంది తల విదిలించింది. మూతి కిందికి దించి వాసన చూసింది. పందికేం తెలుసు పన్నీరు వాసన అంటారు, ఒప్పుకుంటాను. ఉలవల వాసన మాత్రం దానికి తెలుసు. కరకరా నమలడం మొదలుపెట్టింది.

రెండో గొట్టం పేల్చాను. తుస్స్. అది చూసి ఆడపంది వచ్చింది, దాని వెనక ఆరు పిల్లలు వచ్చాయి. తూటాలు మార్చి మార్చి పేల్చాను. తుస్స్, తుస్స్, తుస్స్. ఏడు తూటాలు వడ్డించాను. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అవతలి గట్టునుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

“రేయ్ పెంచలయ్యా! వేటకొచ్చినావా, బంతి భోజనాలు పెట్టనొచ్చినావా?”

ఊరు ఊరంతా గొల్లుమంది. పందులు మేతయ్యాక తలెత్తి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు నావైపు చూశాయి. నేను బండ దిగి పరుగు లంకించుకున్నాను. కిర్రు కిర్రు కిర్రు! కుక్కలు పందుల్ని వదిలేసి నా చెప్పుల వెంటబడ్డాయి. పందులు తీరిగ్గా తిరిగి మా సజ్జచేలోకే నడిచాయి, భోజనమైనవాళ్లు పెరుగన్నానికి పోయినట్టు.

నేను తిరిగి వచ్చేసరికి అవ్వ బండ ముందు చతికిలబడి ఉంది. దుమ్ములోంచి ఒక గింజ ఏరి, అరచేతిలో పెట్టుకొని చూస్తోంది.

“ఇవి కుండలోవి గదరా” అంది.

తిట్టలేదు. కొట్టలేదు. తిడితే బాగుండేది. ఆ గింజల కోసం ఆమె ఎన్ని పూటలు పస్తు పడుకుందో చూసినవాణ్ణి నేనే. సిగ్గుతో నాకు ఏడుపు వచ్చింది. సంచి తీసి మిగిలిన ఎనిమిది తూటాలూ ఆమె ముందు పెట్టి, చెప్పులతో సహా అంతా చెప్పేశాను.

అవ్వ ఒక తూటా మూతి గోటితో గిల్లింది. పైన పెచ్చులా ఎండిన మినప్పిండి, లోపల బురదైన మందు.

“సముద్రం చెమ్మా ఇది?” అంది. ఆ తర్వాత, “పో. ఆ చెప్పులు కాళ్లకు గాదు, చేత్తో పట్టుకొని పో. తూటాలతో రా” అంది.

పోయాను. సాహెబు చెప్పుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రూపాయి పావలా సరుకే. కుక్కలు కొరికినాయి గాబట్టి ఆరణాలు. మూడు తూటాలు తీసుకో. కార్ఖానా మూతబడిందా?”

“మూతబడింది సాహెబూ.”

మామకు సంగతి తెలిసి, తుపాకీ పరువు తానే నిలబెట్టుకోవాలని నా వెంట వచ్చాడు. అదే బండ మీద నిలబడి ఒకే ఒక్క సీమ తూటా పేల్చాడు. ఢాం! కొండ మారుమోగింది. పంది మీద ఒక్క రవ్వ పడలేదు, మామ గురి అంత గొప్పది. కానీ ఆ మోతకు మంద మందంతా కొండెక్కి ఆ ఏడు మళ్లీ దిగలేదు. మూడెకరాల్లో రెండెకరాల పంట మిగిలింది. ఆ పని చేసింది రెండణాలు.

మరి అవ్వ ఏం చేసిందనుకున్నారు? నా ఎనిమిది తూటాలూ విప్పి, మసిపట్టిన ఉలవల్ని కడిగి, బండ ముందు నేను చల్లిన చోటే చల్లింది. వానలు పడ్డాయి. పందులు వదిలేసినవీ, ఆమె చల్లినవీ కలిసి, బండ చుట్టూ పచ్చగా తివాచీ పరిచినట్టు మొలిచాయి. దారిన పోయేవాళ్లు ఆగి, “ఎవురు విత్తినార్రా ఇది?” అనడం, పక్కవాడు “పెంచలయ్య, తుపాకితో” అనడం, ఆ ఏడంతా నేను విన్న సంగీతం అదే.

పంట ఇంటికి వచ్చాక అవ్వ మొదట కుండ నింపి, మూతికి మట్టి మెత్తింది. ఆ తర్వాత ఉలవచారు కాచి, నా కంచంలో గరిటెడు పోసి, ఎదురుగా కూర్చుంది.

“మీ తాత గొర్రుతో విత్తినాడు, మీ నాయన చేత్తో చల్లినాడు. తుపాకితో విత్తినోడివి మన వంశంలో నువ్వొకడివేరా. తిను, పదహారు తూటాలు.”

“పదిహేనేనవ్వా. ఒకటి కాకి ఎత్తుకుపోయింది.”

అవ్వ నవ్వింది. కరువు వచ్చినప్పటినుంచి ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. చీరకొంగు నోట్లో కుక్కుకొని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

అందుకని పెద్దలారా, మా అవ్వ విత్తనాల కుండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఉలవల్ని పంటి మీద తప్ప పంది మీద ప్రయోగించను. ఇంట్లో వడియాలే ఎండబెడతాను, తూటాలు కొనుక్కుంటాను. ఆ కాకి ఎత్తుకుపోయిన పదహారోది మాత్రం ఏ కొమ్మ మీద మొలిచిందో, దానికి నా పూచీ లేదు.