ప్రపంచ రికార్డు చూసిన మధ్యాహ్నం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఊపిరి తీసుకోవడం కూడా నా చేతిలో లేని రోజులు నేను చూశాను, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది పామర్రు. పంట కాలువలో ఈత నేర్చుకుని, తరువాత విజయవాడ వచ్చి, ఫ్రీస్టైల్ పోటీల్లో రాష్ట్రం తరఫున ఈదినదాన్ని. ప్రపంచ రికార్డులంటే పిచ్చి నాకు. ఎక్కడో ఒక మనిషి, రెప్పపాటు కూడా లేని తేడాతో, అంతవరకు ఎవరూ ఈదనంత వేగంగా ఈదాడని వింటే అన్నం సహించేది కాదు. మా కోచ్ గారు నవ్వి, "ముందు మోచెయ్యి పైకి లేపి ఈదమ్మా, రికార్డుల సంగతి తర్వాత చూద్దాం" అనేవారు.

డిగ్రీ చదువుతుండగా ఒక ఉదయం గవర్నర్‌పేటలో మా అద్దె ఇంటి మెట్లు ఎక్కలేక కూలబడ్డాను. కాళ్లలో మొదలైన తిమ్మిరి చేతులకు, అక్కడి నుంచి ఛాతీకి పాకి, వారం తిరగకుండానే నన్ను ఆస్పత్రిలో ఊపిరి మిషను మీద పెట్టారు. నరాల జబ్బు, బతకడం కష్టమన్నారు. మాట లేదు, కదలిక లేదు, తెలివి మాత్రం ఉంది. అమ్మ నా చెవి దగ్గర వంగి ప్రార్థించేది: "తండ్రీ, ఈ పిల్లకి మొదట ఊపిరి పోసింది నువ్వే. మళ్లీ నువ్వే పొయ్యాలి, ఇంకెవరివల్లా కాదు." నేను లోపలే ఆమేన్ అనుకునేదాన్ని. ప్రభువు ఆలకించాడు, మిషను తీసేశారు, ఇంటికి వచ్చాను.

మాట వచ్చింది, కానీ చేతుల్లో కదలిక రాలేదు. నెలలు గడిచాయి, అమ్మ ముద్ద పెడితేనే తిండి. "ఇలా ఉంచడానికేనా ప్రభువా బతికించావు" అని గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని.

సిడ్నీ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. మధ్యాహ్నం టీవీలో ఈత వస్తుంటే, నేను బాధపడతానని అమ్మ కట్టెయ్యబోయింది. "ఉంచమ్మా" అన్నాను. ఫ్రీస్టైల్ పోటీ. ముందున్నతను నీళ్లను చీల్చుకుంటూ వచ్చి గోడ తాకాడు, ప్రపంచ రికార్డు అని తెర మీద పడింది, జనమంతా లేచి నిలబడ్డారు. నాకు అసూయ పుట్టలేదు, భయంలాంటి ఆశ్చర్యం కమ్మింది. మట్టి దేహంలో ఇంత పెట్టాడా దేవుడు, ఆ చెయ్యి చేసినవాడే కదా ఈ చెయ్యీ చేశాడు అనుకుని, జబ్బుపడ్డాక మొదటిసారి ఏమీ అడగకుండా ఆయనను స్తుతించాను. ఆ పోటీని మళ్లీ చూపిస్తున్నారు.

"అమ్మాయ్, నీ భుజం" అంది అమ్మ.

దుప్పటి కింద నా కుడి భుజం టీవీలోని ఈతతోపాటు కదులుతోంది. నాకే తెలియలేదు.

ఆ తరువాత ఎన్నో నెలలు వ్యాయామం, నొప్పి, ప్రార్థన. చివరికి కోచ్ గారు దగ్గరుండి నన్ను కొలనులో దింపారు. పక్కన చిన్న పిల్లలు నన్ను దాటి వెళ్లి, తిరిగి కూడా వచ్చేశారు. అయినా అవతలి గోడ తాకాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "వాచీ నొక్కడం మర్చిపోయానమ్మా" అన్నారు.

ఆ మధ్యాహ్నం టీవీలో చూసిన రికార్డును తరువాత ఇంకొకరు దాటారు. మనిషిలో దేవుడు పెట్టిన బలానికి అంచు ఎక్కడుందో ఆయనకే తెలుసు. నా ఎడమ చేతి వేళ్లు నేటికీ సరిగా ముడుచుకోవు, అయినా దేవునికే మహిమ. మంచం పట్టినవారి పక్కన కూర్చుని అలసిపోయినవారు మీలో ఉంటే, ఆయనను నమ్మండి. ఈ ప్రార్థన కూటం అయ్యాక వెళ్లిపోకండి, నా దగ్గరికి వచ్చి మీవాళ్ల పేరు చెప్పండి, ఆ పేరు పట్టుకుని కలిసి ప్రార్థిద్దాం.